రెండక్షరాల తేడా

ఒక కోట ఉండేది. దాని లోపల పది సందులు. వాటికి పేర్లు లేవు, వరస సంఖ్యలే. ఆ దేశంలో కోటలన్నీ ఒకే మేస్త్రీ కట్టినట్టు ఉండేవి కాబట్టి ప్రతి కోటలోనూ ఒక మూడో సందు ఉండేది, ఒక ఏడో సందు ఉండేది. లోపల ఉన్నంతకాలం దానితో ఇబ్బంది లేదు. చీటీ గోడ దాటితేనే చిక్కు. “మూడో సందుకు జవాబు పంపు” అని ఇక్కడివాళ్ళు రాస్తే, అక్కడివాళ్ళు తమ మూడో సందుకే పంపి, తీసుకునేవాళ్ళు లేరని చేతులు దులుపుకునేవారు.

అందుకని రాజు కోటగోడకు కిటికీలు పెట్టించి, ద్వారం పక్కన ఒక లేఖరిని కూర్చోబెట్టాడు. బయటికి పోయే ప్రతి చీటీనీ అతను విప్పి చదివేవాడు. సందు పేరు కనిపిస్తే కొట్టేసి, గోడమీది ఒక కిటికీ పేరు రాసేవాడు. జవాబు ఆ కిటికీకి వచ్చేది. ఏ కిటికీ ఏ సందుదో అతనొక్కడికే తెలుసు. ముప్పై ఏళ్ళలో ఒక్క జవాబూ దారి తప్పలేదు. ఆ సంగతి అతను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. చీటీలో ఎన్ని అక్షరాలున్నాయో రాసినవాళ్ళే పైన వెయ్యాలి. దారిలో ఎవరైనా దొంగమాట చేరుస్తారేమోనని భయం. చీటీ చేరిన ఊళ్ళో ఒక కత్తెరవాడు కూర్చుని అక్షరాలు లెక్కపెట్టేవాడు. లెక్కకు మించినవి కత్తిరించి పారేసి, మిగిలింది ఇచ్చేవాడు. ఇతనూ నమ్మకస్తుడే. ఇద్దరు నమ్మకస్తుల మధ్య పడ్డ మాట ఏమవుతుందో అప్పటికి ఎవరూ ఆలోచించలేదు.

మూడో సందులో బొంతలు కుట్టే ఆమె ఒకతె ఉండేది. ఆమె నాలుగేళ్ళ కూతురు ఏటి అవతలి ఊళ్ళో ఆమె అక్క దగ్గర పెరుగుతోంది. వచ్చే పున్నానికి పాపను తీసుకొస్తానని అక్క చెప్పింది. ఇంతలో కోటలో విషజ్వరం దిగింది. మొదట ఏడో సందు, తర్వాత ఐదోది. ఎదురింట్లో ఒకే వారంలో ఇద్దరు పోయారు.

రాజు రెండు ఆజ్ఞలు వేశాడు. లోపలికి ఎవరైనా రావచ్చు, బయటికి ఎవరూ పోకూడదు. జ్వరమన్న మాట ఏ చీటీలోనూ ఉండకూడదు. పేరెత్తకపోతే రోగం లేనట్టేనని ఆయన లెక్క. పెద్దల లెక్కలు అలాగే ఉంటాయి.

బొంతలామెకు భయంతో అన్నం సహించలేదు. తన ప్రాణం మీద ఆమెకు అంత బెంగ లేదు. పాప ఆ ద్వారంలోంచి నడిచొస్తున్నట్టు కళ్ళకు కడుతుంటే మాత్రం సూది కింద పెట్టేసేది. చివరికి ఒక చీటీ రాసింది.

“అక్కా, నేను బాగున్నాను. జవాబు మూడో సందుకు పంపు. పాపను తీసుకుని రావద్దు.”

వేలు పెట్టి లెక్కపెట్టి, పైన “ఇరవై ఎనిమిది” అని వేసింది. లేఖరి చదివాడు. మూడో సందును కొట్టేసి తొమ్మిదో కిటికీ అని రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. చీటీ గోడ దాటింది.

ఏటి అవతల కత్తెరవాడు లెక్కపెట్టాడు. ముప్పై వచ్చాయి. రెండు ఎక్కువ. ఎవడో చేర్చాడనుకుని చివరి రెండింటినీ కత్తిరించాడు. అక్క చేతికి వచ్చిన చీటీ “పాపను తీసుకుని రా” అని ముగిసింది.

మూడోనాడు తొమ్మిదో కిటికీలో జవాబు పడింది. “నువ్వు రమ్మన్నాక ఆగుతానా? పున్నానికి పాపతో వస్తున్నా. అమ్మ దగ్గరికి వెళ్తున్నానని అది ఊరంతా చాటింపు వేస్తోంది.”

ఆమె జవాబును రెండుసార్లు చదివింది. లేఖరి దగ్గరికి పరుగెత్తింది.

“అయ్యా, నేను రావద్దంటే అక్కకు రమ్మన్నట్టు చేరింది. మీరేం రాశారు?”

అతను నొచ్చుకున్నాడు. తను దాచుకున్న నకలు తీసి చూపించాడు. “చూడమ్మా. రావద్దు అనే ఉంది. నీ చిరునామా తప్ప నేనేదీ ముట్టుకోలేదు.”

ఆమె నకలును చివరిదాకా లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. “ముప్పై ఉన్నాయి. నేను పైన వేసింది ఇరవై ఎనిమిది.”

“కిటికీ పేరు పొడుగమ్మా. నేనేం చెయ్యను?”

“పైనున్న అంకె మార్చొచ్చు కదా!”

“అంకె రాసినవాళ్ళ సొత్తు. దాని జోలికి పోతే నా చెయ్యి నరికిస్తారు.” లేఖరి గొంతు తగ్గింది. ముప్పై ఏళ్ళలో తన చేతి మీదుగా పోయిన చీటీలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నాయి.

పున్నానికి ఇంకా నాలుగు రోజులే. ఆమె అక్కడే కూలబడి ఇంకో చీటీ రాసింది. ఈసారి జవాబుకు చిరునామా లేదు. ఉంటేనే కదా మార్చేది!

“అక్కా, పాపను తీసుకుని రావద్దు.” పైన “పన్నెండు” అని వేసింది.

లేఖరి అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఎక్కడికి పంపాలో లేకపోతే జవాబు రాదమ్మా. చేరిందో లేదో నీకు తెలిసే దారి లేదు.”

“జవాబు వద్దు. నా మాట చేరితే చాలు.”

చీటీ పోయింది. ఒక్క అక్షరం ఎవరూ మార్చలేదు. ఏటి అవతల కత్తెరవాడు లెక్కపెట్టి, సరిపోయిందని తలూపి, ముక్క కూడా తియ్యకుండా ఇచ్చాడు.

ఆ నాలుగు రోజులూ ఆమె ద్వారానికి ఎదురుగా కూర్చుంది. దూరాన చిన్నపిల్ల నడక కనిపిస్తే గుండె ఆగేది. ఆ పిల్ల వేరే ఎవరి పిల్లో అయితే ఊపిరి వచ్చేది. ఇంకొకరి బిడ్డ లోపలికి వస్తున్నందుకు ఊపిరి పీల్చుకున్నానే అని సిగ్గుపడేది. పున్నానికి ముందురోజు మధ్యాహ్నం ఆమె ఒళ్ళు వెచ్చబడింది.

పున్నమినాటి పొద్దున కోట తలుపు తెరుచుకుంది. అక్క వచ్చింది. చంకలో మూట ఉంది, పిల్ల లేదు.

“పాప ఏదీ?” అంది చెల్లెలు.

“పక్కింటివాళ్ళ దగ్గర వదిలొచ్చా. తీసుకుని రావద్దన్నావుగా!” అంది అక్క. “ముందు రమ్మంటివి, తర్వాత దాన్ని తేవద్దంటివి. పైగా ఎక్కడున్నావో కూడా రాయలేదు. నీకేదో అయిందని భయపడి నేనొక్కదాన్నే వచ్చేశా. ఏమే, ఇంత చిక్కిపోయావేంటి?”

పాప బతికిందన్న సంతోషం ఆమె కళ్ళలోకి వచ్చీ రాకముందే మిగతాది అర్థమైంది. చీటీ రాస్తున్నంతసేపూ ఆమె మనసులో పాప తప్ప ఎవరూ లేరు. అక్క వస్తుందన్న ఊహే రాలేదు.

వెనక్కి జరిగింది. గోడ తగిలింది.

“అక్కా, దగ్గరికి రావద్దు,” అంది.

అక్క అప్పటికే ఆమెను గుండెలకు హత్తుకుంది.