తొట్టిలో తేలిన కవరు

గుట్ట పక్కన, ఊరికి చిట్టచివర ఒక రైతు దొడ్డి ఉండేది. అందులో చుక్కమ్మ అనే గేదె, దాని దూడ, పోలమ్మ అనే కోడిపెట్ట, దాని పిల్లలు, వీరన్న అనే పొట్టేలు కాపురం ఉండేవి. చుక్కమ్మ మనసు వెన్న. కాకపోతే ఎవరేం చెప్పినా నిజమేనేమో అనుకునే రకం. వీరన్నకి ఆ అనుమానం కూడా లేదు, ముందు తల ఊపేసి, ఎందుకు ఊపాడో తర్వాత అడిగేవాడు. పోలమ్మ మాత్రం గింజనైనా అటూ ఇటూ తిప్పి చూసిగాని మింగేది కాదు.

ఆ ఇంటి ఇల్లాలు బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ కుడితి తొట్టిలో పోసేది. అమ్మమ్మల నాటి నుంచీ ఉన్న అలవాటు, చాలా మంచి అలవాటు. ఒక్క మెతుకు వృథా పోదు. అయితే ఈ మధ్య ఆవిడకి తొందర ఎక్కువైంది. తొక్కలన్నీ బజారు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే పోగేసి, కవరుతో సహా తొట్టిలో గిరాటేసి పోయేది. అలా ఓ రోజు కుడితి తాగుతున్న దూడ గొంతుకి కవరు అడ్డం పడింది. దూడ కళ్ళు తేలేసింది. పశువుల డాక్టరు వచ్చి, నోట్లో చెయ్యి పెట్టి ఆ కవరు బయటికి లాగేదాకా చుక్కమ్మకి ప్రాణంలో ప్రాణం లేదు.

దూడ బతికింది గాని తల్లికి బెంగ పట్టుకుంది. మళ్ళీ ఇలా జరగకుండా చూడాలి. ఎలా చూడాలి? రోడ్డు మీద కవర్లు, పెంట మీద కవర్లు, గాలికి ఎగిరొచ్చేవి కొన్ని. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చుక్కమ్మ గడ్డి ముందు పెట్టుకుని దాని వంక చూస్తూ నిలబడేది.

సరిగ్గా అలాంటప్పుడే జంబన్న నక్క దిగబడింది. మధ్యాహ్నం పూట దొడ్డి కుక్క యజమాని వెంట పొలం పోతుందని దానికి బాగా తెలుసు. ముళ్ళకంచెలో ఉన్న కంతలోంచి మూతి పెట్టి, తాను మామూలు నక్కని కానని చెప్పుకుంది. పట్నంలో పర్యావరణం మీద పెద్ద సభ జరిగితే వేదిక కిందే కూర్చుని ఆసాంతం విన్నదట. సభ తర్వాత మిగిలిన బిర్యానీ కోసం అక్కడ కూర్చుందన్న సంగతి మాత్రం చెప్పలేదు. మాట్లాడుతున్నంత సేపూ దాని కళ్ళు కోళ్ళగూడు మీదే ఉన్నాయి. చుక్కమ్మ అది గమనించలేదు, ఎందుకంటే చుక్కమ్మ అప్పటికే తలవంచుకుని వింటోంది.

"అమ్మా చుక్కమ్మా, నీ దూడది చిన్న జబ్బు. అసలు జబ్బు పడ్డది భూదేవి. ఎవరి వల్లో తెలుసా? నీ వల్లే."

"నా వల్లా? నేనేం చేశాను బాబూ?"

"నెమరు వేసి తేన్చడం లేదూ? ఆ తేనుపులకే ఆకాశం వేడెక్కిపోతోంది. ముందు అది మానెయ్యి. ఆ తర్వాత కవర్ల సంగతి చూద్దాం."

చుక్కమ్మ హడలిపోయింది. ఇన్నేళ్ళుగా తాను ఆకాశాన్ని ఉడకబెడుతున్నట్టు దానికి తెలియనే తెలియదు. ఆ సాయంత్రం నుంచి నెమరు ఆపేసింది. తేనుపు వచ్చినప్పుడల్లా దవడలు బిగించి మింగేది. పొట్ట బిర్రబిగిసింది, తిండి సయించలేదు, పొదుగులో పాలు తగ్గిపోయాయి. దూడ వచ్చి చన్ను కుడిచి, పాలు చేపక, తల్లి ముఖంలోకి చూసి అంబా అనేది. బిడ్డని కాపాడుకుందామని మొదలుపెట్టిన పని బిడ్డనే పస్తు పెడుతోంది. ఇదేం లెక్కో చుక్కమ్మకి ఎంత ఆలోచించినా బోధపడలేదు. పుణ్యం అంటే ఇలాగే కష్టంగా ఉంటుందేమోలే అని సరిపెట్టుకుంది.

జంబన్న మళ్ళీ వచ్చింది. తొట్టి సిమెంటుదని పెదవి విరిచింది. చుక్కమ్మ మెడలో తాడు నైలానుదని నొచ్చుకుంది. దొడ్డిలో ఏది చూసినా ఏదో ఒక పాపం అంటగట్టింది. చుక్కమ్మకి ఎటు అడుగు వేసినా తప్పే అనిపించి, కాలు కదపడం కూడా మానేసింది. అప్పుడు నక్క నెమ్మదిగా అసలు మాటకి వచ్చింది.

"ఆ కోళ్ళగూటి తలుపు చూశారా? చెక్క తలుపు. దానికోసం నిక్షేపంలాంటి చెట్టు ప్రాణం పోయింది. అది ఊడబెరికితేగాని ఈ దొడ్డికి పాపం వదలదు."

వీరన్న యథాప్రకారం తల ఊపాడు. ఊపిన తలతోనే పరుగున వెళ్ళి తలుపుని ఒక్క కుమ్ము కుమ్మాడు. తలుపు ఊడి అవతల పడింది. పోలమ్మ రెక్కలు విదిలించుకుంటూ బయటికి వచ్చి, ఎందుకయ్యా అంత పని చేశావని అడిగింది. వీరన్న కాసేపు ఆలోచించి, గురువుగారిని అడిగి చెబుతానన్నాడు. పొలం నుంచి కుక్క తిరిగొచ్చే వేళైందని గురువుగారు, మర్నాడు మధ్యాహ్నం వచ్చి దొడ్డిలోపలే వివరంగా ఉపదేశిస్తానని మాటిచ్చి, పెదాలు నాక్కుంటూ వెళ్ళిపోయారు.

పోలమ్మ పిల్లల్ని తోలుకొచ్చి చుక్కమ్మ కడుపు కింద నీడలో కూర్చోబెట్టింది.

"వదినా, ఆ తలుపు విరగ్గొడితే కొట్టేసిన చెట్టు మళ్ళీ లేచి నిలబడుతుందా?"

"ఏమో పోలమ్మా. నాకంతా అయోమయంగా ఉంది. ఆకాశం అంటాడు, సిమెంటు అంటాడు. ఏది ముందో ఏది వెనకో తెలియట్లేదు. నాకు ఏడుపొస్తోంది."

"సరే, నాకు ఒక్కటి చెప్పు. నీ బిడ్డ గొంతుకి అడ్డం పడింది ఏమిటి? నీ తేనుపా, నా తలుపా?"

"కవరు."

"ఆ కవరు ఇప్పుడెక్కడుంది?"

చుక్కమ్మ తల తిప్పి తొట్టిలోకి చూసింది. కుడితి మీద తెల్లగా, ఉబ్బి తేలుతోంది కొత్త కవరు. దాని పక్కనే దూడ మూతి పెట్టబోతోంది. ఇన్నాళ్ళూ ఆకాశం వంక చూసి బెంగపడ్డ తల్లి మూరెడు దూరంలో ఉన్న తొట్టిలోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. చుక్కమ్మకి తన మీద తనకే కోపం వచ్చింది, సిగ్గూ వేసింది.

గబుక్కున దూడని పక్కకి నెట్టి, కవరు పెదాలతో పట్టి పైకి తీసింది. విదిలిస్తే తొక్కలు తొట్టిలో పడ్డాయి. ఖాళీ కవరు ఎక్కడ పెట్టాలి? కింద వేస్తే దూడ మళ్ళీ నోట పెడుతుంది. తాడు సాగినంత దూరం నడిచి, కంచె కంత దగ్గరున్న ముళ్ళకి తగిలించింది. పోలమ్మ పెంటలో గీరి పాత కవర్లు కూడా బయటికి లాగింది. వీరన్న ఎందుకని అడక్కుండానే వాటిని మోసుకొచ్చాడు. పొద్దు వాలేసరికి కంత చుట్టూ ముళ్ళకంచె తోరణాలు కట్టినట్టు తయారైంది. దూడ ఆ పూట నిక్షేపంగా కుడితి తాగింది. చుక్కమ్మ పడుకుని, భయంభయంగా కాస్త నెమరు వేసింది. ఆకాశం ఎక్కడున్నది అక్కడే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం జంబన్న ఉపదేశం మాట పక్కన పెట్టి, తలుపు లేని గూటి మీదే చూపు నిలిపి కంతలోకి తల దూర్చింది. దూర్చడం దూర్చడం ఒక కవరు పిడి తల మీంచి జారి మెడలో పడింది. చుట్టూ ఉన్న కవర్లన్నీ గలగలమన్నాయి. నక్క బెదిరి వెనక్కి లాక్కుని పరుగెత్తింది. పరుగెత్తేకొద్దీ కవర్లో గాలి నిండి వీపు మీద టపటపా కొట్టుకుంది. వెనక ఎవరో తరుముతున్నారనుకుని ఇంకా జోరుగా పరుగెత్తింది. దారీ తెన్నూ చూసుకోకుండా పొలాల మీద పడి, తిన్నగా దొడ్డి కుక్క ముందుకే వెళ్ళింది. ఆపైన జరిగిన మర్యాద ఏమిటో దాని కుంటుకాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

"గురువుగారు సంచీ తగిలించుకుని బజారుకి వెళుతున్నారా?" అన్నాడు వీరన్న.

ఆ అలికిడికి ఇల్లాలు బయటికి వచ్చింది. పక్కింటావిడ కూడా గోడ మీంచి తొంగి చూసింది. కంచె నిండా వేలాడుతున్న కవర్లన్నీ తమ ఇంటివేనని ఇల్లాలికి చూడగానే తెలిసింది. పక్కింటావిడ కవర్ల వంకా, ఇల్లాలి వంకా మార్చి మార్చి చూసింది, ఆ చూపు ఇల్లాలికి ఎక్కడో గుచ్చుకుంది. దూడ గొంతు గుర్తొచ్చి మరీ గుచ్చుకుంది. అన్నీ ఏరి మూట కట్టింది. ఆనాటి నుంచి కుడితి బకెట్టుతోనే తొట్టిలో పోసింది. బజారుకి వెళ్ళేటప్పుడు పాత పంచెతో కుట్టిన గుడ్డసంచీ చంకలో పెట్టుకుంది. కోళ్ళగూటికి ఊడిన తలుపునే మళ్ళీ బిగించారు.

చుక్కమ్మ పాలు మళ్ళీ చేపాయి. అయినా దాని అయోమయం పూర్తిగా పోలేదు.

"పోలమ్మా, నా తేనుపు సంగతేమిటంటావు? అది కూడా నిజమేనేమో."

"నిజమైతే నిజమే కానీ వదినా. రేపు దాని గురించీ ఆలోచిద్దాం. ముందు నీ బిడ్డకి కడుపు నిండా పాలియ్యి."

నీతి: లోకాన్ని బాగుచేయాలనుకునేవాళ్ళు ముందు తమ తొట్టిలో చెయ్యి పెట్టాలి, ఆకాశం చూపించి అయోమయంలో పెట్టేవాడి చూపు ఏ గూటి మీద ఉందో కనిపెట్టాలి.