రాజవైద్యుడి జబ్బ మీద టీకా

మశూచి భయంతో ఆ దేశపు రాజు ఒక కట్టడి పెట్టాడు. జబ్బ మీద టీకా గాటు లేనివాళ్లు ఏరు దాటకూడదు. ఆ టీకా రాజవైద్యుడు భానుశర్మ ఒక్కడే వెయ్యాలి. ఆయనేమో ఎప్పుడో గానీ కోట దాటి వచ్చేవాడు కాదు.

రేవు పక్కన మందుల కొట్టు నడిపే చెంగమ్మకు టీకా వెయ్యడం వచ్చు, కొట్లో మందూ ఉంది. కానీ ఆమె వేస్తే చెల్లదు. అవతలి ఒడ్డున ఆమె అక్క, తాను బతికే ఉన్నానని చెల్లెలికి తెలిసేలా, రోజూ పసుపు చీర ఆరేసేది. చెంగమ్మ కొట్టు తెరవకముందే ఆ చీర కోసం వెతుక్కునేది. కనబడితే ఊరట, ఆపైన వెళ్లి చూడలేనన్న దిగులు పగలంతా.

ఒకనాడు రాజు వైద్యుణ్ణి వెంటబెట్టుకుని పడవెక్కబోయాడు. రేవు కావలివాడికి రాజు తన గాటు చూపాడు. వైద్యుడి జబ్బ మాత్రం నున్నగా ఉంది.

"ఒక చేత్తో చర్మం లాగిపట్టి, ఇంకో చేత్తో గుచ్చాలి ప్రభూ. నాకు నేనెలా వేసుకోను?" అని నసిగాడు భానుశర్మ.

రాజు చెంగమ్మను పిలిచి వెయ్యమన్నాడు.

"నేను వేస్తే చెల్లదు కదా మహారాజా?"

"చెల్లుతుంది. నేను చెబుతున్నాను."

చెంగమ్మ వేసింది. సూది తుడుస్తూ, "రాజవైద్యుడి ఒంటి మీద చెల్లిన నా చెయ్యి, ఇన్నాళ్లుగా రేవులో పడిగాపులు కాస్తున్న వీళ్ల ఒంటి మీద చెల్లదా ప్రభూ?" అంది.

రాజు నవ్వేశాడు. పిల్లలకు వైద్యుడే వెయ్యాలి గానీ, పెద్దవాళ్లకు ఇక మందుల కొట్టువాళ్లూ వెయ్యొచ్చన్నాడు.

రేవులో పెద్దవాళ్లందరికీ వేశాక, చెంగమ్మ సూదిని వైద్యుడి చేతిలో పెట్టి జబ్బ చూపింది.

"నాకు నేను వేసుకోలేను కదా అయ్యగారూ. త్వరగా కానివ్వండి, పొద్దువాలితే అక్క చీర తీసేస్తుంది."