బోర్లించిన సన్నికల్లు

పెద్దస్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చేతికి పని ఇచ్చేవారు. చింతపండు బుట్ట ముందుకు జరిపి, ముందు ఈ గింజలు తియ్యి నాయనా అనేవారు. తీస్తూ తీస్తూ సగంమంది అడగవచ్చింది మరిచిపోయి, ఇంత అన్నం తిని, ఆయన పాదాలకు మొక్కి వెళ్ళిపోయేవారు. వాళ్ళకి అది చాలు. గింజలన్నీ తీసినా ప్రశ్న తీరనివాళ్ళు కొందరు ఉంటారు చూడండి, వాళ్ళకోసమే ఆయన కథలు దాచుకునేవారు. అలాంటిది ఒకటి ఈ పూట మీ ముందు పెడుతున్నాను. చల్లగా ముగిసే కథ కాదమ్మా, ముందే చెప్పేస్తున్నాను. అయినా వినండి. భగవంతుడు తియ్యటివే వినమని చెవులివ్వలేదు కదా.

ఆ వేసవిలో పెన్న అంతా ఇసుకే. ఆశ్రమం ఆ ఒడ్డునే. చెన్నరాయుడని ఒక శిష్యుడు, అనంతపురం మెట్టచేలవాడు, తన ఊళ్ళో మారెమ్మ గుడికి పూజారి, ఎండన పడి వచ్చాడు. ఊళ్ళో బోరుబావులు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. తాగడానికి నీళ్ళు లేవు. మిగిలిన నాలుగిళ్ళవాళ్ళు కూడా బెంగుళూరుకు కట్టుబడి పనులకు లారీ ఎక్కబోతున్నారు. వాళ్ళతోపాటు ఇతనూ. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి చేత్తో పట్టుకుని అడిగాడు.

"స్వామీ, గుడి తలుపు తాళం వేసి పోవాలా, తెరిచి వదిలేసి పోవాలా? తాళం వేస్తే తిరిగొస్తామని అమ్మకు మాట ఇచ్చినట్టే. తెరిచి వదిలేస్తే..."

స్వామివారు బుట్ట జరిపారు. చెన్నరాయుడు గింజలు తీశాడు. బుట్ట ఖాళీ అయింది, అతను మాత్రం లేవలేదు. అప్పుడు స్వామివారు మొదలుపెట్టారు.

సన్న్యాసం తీసుకోకముందు ఆయన ఆఫ్రికాలోని పెద్ద ఎడారిలో బావులు తవ్వే కంపెనీలో పనిచేశారు. అక్కడ విన్న కథ ఇది. అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నది. ఇందులో జరిగిందెంతో, కలిపిందెంతో ఆ ఇసుకకే తెలియాలనేవారు.

ఆ ఎడారి మొదటినుంచీ ఎడారి కాదట. వేల ఏళ్ళ కిందట అక్కడ వానలు కురిసేవి. చెరువులు కాదు, సముద్రాల్లాంటి మడుగులు ఉండేవి. వాటిలో నీటిగుర్రాలు మునిగి తేలేవి. అలాంటి ఒక మడుగు ఒడ్డున ఆవులు కాచుకునే ఒక తెగ బతికేది. ఎండలు ముదిరితే మందను తోలుకుని దక్షిణానికి పోయేవారు, తొలకరి మబ్బు కనపడగానే ఉత్తరానికి, తమ మడుగుకు, తిరిగొచ్చేవారు. ఏటా అదే నడక, తాతల నాటినుంచీ. అడవి గింజలు నూరుకోవడానికి ప్రతి ఆడదానికీ ఒక సన్నికల్లు, దానిమీద చేత పట్టి నూరే రాయి, పొత్రం. మన ఇళ్ళల్లో ఉండేవే, పెళ్ళిలో మన ఆడపిల్ల కాలు మోపేదే. బరువైన సన్నికల్లును మోసుకుపోలేరు. అందుకని వెళ్ళేటప్పుడు దాన్ని నేలమీద బోర్లించి, పొత్రం మాత్రం తోలుసంచిలో వేసుకుని పోయేవారు. బోర్లించిన రాయిని మరెవరూ ముట్టరు. అది ఒకరిదని, ఆ మనిషి తిరిగొస్తుందని అర్థం. మనం గడప దాటుతూ పోతున్నా అనం కదా, పోయొస్తా అంటాం. వాళ్ళు ఆ మాటను రాతితో చెప్పేవారు. అలా బోర్లించినావిడ తొలకరికి తిరిగి రాకపోతే, ఇచ్చిన మాట మింగిన మనిషిని నేల వదలదని వాళ్ళ నమ్మకం.

వానలు తగ్గాయి. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు. మడుగు వెనక్కి వెనక్కి జరిగి, ఒడ్డు తెల్లగా ఉప్పు తేలింది. తెగ పెద్ద తోగోయ్ అందరినీ పిలిచి, ఇక దక్షిణానికి పోవడమే, రావడం లేదన్నాడు. ఆడవాళ్ళంతా తమ సన్నికళ్ళు వెల్లకిలా వదిలెయ్యమన్నాడు. వెల్లకిలా వదిలితే ఆశ వదిలినట్టు. ఎవరికి కావాలంటే వారు నూరుకోవచ్చు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు, కెల్లే అనే ఒకావిడ తప్ప. ఆమె రాయిమీద ఆమె తల్లి నూరింది, తల్లి తల్లి నూరింది. నూరి నూరి దాని మధ్యన దోసిలిలా గుంట పడింది. తొలిచూలు కొడుకును కూడా ఆ రాయి పక్కనే పాతిపెట్టుకుంది.

"నేలే మనల్ని వదిలేసింది కెల్లే," అన్నాడు తోగోయ్. "మనం ఎన్నాళ్ళని పట్టుకు వేలాడతాం?"

కెల్లే అందరి ముందూ రాయిని వెల్లకిలా వదిలింది. ఆమె మొగుడు వర్దూ, ఆమె మొహం చూడలేక, కాస్త నవ్వించాలని, ఆ రాయికంటే నేనే తేలిక, నన్ను బోర్లించి పోరాదా అని వేళాకోళమాడాడు. ఆమె నవ్వినట్టే నవ్వింది. కొంతదూరం పోయాక నీళ్ళ తిత్తి మరిచిపోయానని చెప్పి వెనక్కి పరుగెత్తి, ఎవరూ చూడకుండా రాయిని బోర్లించి వచ్చింది.

దక్షిణాన పచ్చిక మోకాలెత్తు. రెల్లు పెరిగిన పెద్ద నీళ్ళు. ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు, వేరే భాషవాళ్ళు. ఇంత పచ్చికలో ఒక్క ఆవు కూడా లేదేమని మనవాళ్ళు ముచ్చటపడ్డారు, పిచ్చివాళ్ళు, వీళ్ళకి పాలరుచి తెలియదని నవ్వుకున్నారు. చేపలవాళ్ళు ఏదో చెప్పబోయారు. గాలిలో ఈగను పట్టినట్టు పిడికిలి బిగించి, ఆవును చూపించి, చెంపకింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసేవారు. మమ్మల్ని నిద్రమొహాలని ఎగతాళి చేస్తున్నారని మనవాళ్ళు అనుకున్నారు. అక్కడ ఒక ఈగ ఉందండీ. మన జోరీగకు చుట్టమే అనుకోండి. అది కుట్టిన పశువు కడుపునిండా మేస్తూనే చిక్కిపోతుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, కళ్ళు నీరు కారతాయి, ఒకనాడు పచ్చికలోనే పడుకుని మరి లేవదు. ఉత్తరాన ఈగ లేదు, గడ్డి లేదు. దక్షిణాన గడ్డి ఉంది, ఈగ ఉంది. ఈ రెంటి మధ్యనా ఆవుతో బతికే మనిషికి దేవుడు గీసిన గీత ఎంత సన్ననిదో, ఆ గీత కూడా ఏటికేడాది ఎలా జరిగిపోతుందో వాళ్ళకి ఎవరు చెబుతారు?

తొలకరి వచ్చి దాటిపోయింది. చూలు ఆవులు పోయాయి. దూడలు పోయాయి. తోగోయ్ తెగను కూర్చోబెట్టి, నేలకు మాట ఇచ్చి తప్పినవాళ్ళు మనలో ఉన్నారు, లేకపోతే ఇంత పచ్చికలో ఈ చావులేమిటని నిలదీశాడు. కెల్లే లేచి ఒప్పుకుంది. ఒక్కరూ తిట్టలేదట. తిట్టి ఉంటే బాగుండేదని వర్దూ తరవాత అన్నాడట. మళ్ళీ వచ్చే తొలకరి మబ్బుతోనే ఉత్తరానికి వెళ్ళి రాయిని వెల్లకిలా తిప్పి, దానిమీద పొత్రం పెట్టి, దండం పెట్టి రమ్మన్నాడు తోగోయ్. అప్పుడు నేల మనల్ని విడిచిపెడుతుంది, ఉన్న నాలుగు ఆవులైనా బతుకుతాయన్నాడు. ఆ పెద్దాయన చెడ్డవాడు కాదమ్మా. చచ్చే ఆవును చూస్తూ ఏమీ చెయ్యకుండా కూర్చోలేకపోయాడు, అంతే.

కెల్లేకు ఒక కూతురు, సోగీ, అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కునే పిల్ల. తల్లి బయలుదేరుతుంటే తోలుబట్ట పట్టుకుని వదలలేదు. వాళ్ళూ వీళ్ళూ పట్టి లాగినా వదలలేదు. కెల్లే సంచిలోంచి పొత్రం తీసి దాని చేతుల్లో పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచుకో. ఇది లేకుండా మీ అమ్మ ఎక్కడైనా ఉండగలదా? పోయొస్తా."

పిల్ల రెండు చేతులా దాన్ని కావలించుకుని చూస్తూ ఉండిపోయింది. చాలా దూరం నడిచాక, వెంట వచ్చిన వర్దూకు గుర్తొచ్చి, పొత్రం ఏదని అడిగాడు. సోగీ చేతిలో పెట్టానంది. మరి అక్కడ రాయిమీద ఏం పెడతావన్నాడు. ఆమె నడక ఆపలేదు. అటు రాయికి ఒక మాట, ఇటు పిల్లకు ఒక మాట. ఒకే పొత్రంతో రెండు మాటలూ ఎలా నిలబడతాయి? మీరే చెప్పండి.

మబ్బులు వాళ్ళ తలమీదుగా పోయాయి. ఒక్క చినుకు రాల్చకుండా పోయాయి. పాలకోసం వెంట తోలుకున్న ఆవు దారిలోని ఆఖరి నీళ్ళ గుంట దగ్గర కూలబడింది. ఆ గుంటలో నీళ్ళు కాదు, బురద. ఆవు దగ్గర నువ్వుండు, రాయి తిప్పడానికి రెండు చేతులు చాలంది కెల్లే. తిత్తిలో ఉన్న నీళ్ళలో సగం అతనికే వదిలి, మడుగు ఉన్న దిక్కుకు, కాదు, ఒకప్పుడు మడుగు ఉన్న దిక్కుకు నడిచింది. వర్దూ ఆవు చచ్చేదాకా చూశాడు. ఆ తరవాతా చూశాడు. అటునుంచి ఎవరూ రాలేదు. అతను ఒక్కడే దక్షిణానికి తిరిగొచ్చాడు.

ఆవులు ఆగలేదు, పోతూనే ఉన్నాయి. బతికిన కొద్దిపాటి మందను తోలుకుని కొందరు తూర్పున ఈగలేని మిట్టలకు పోయారు. మిగిలినవారు గుడిసెలకు కర్ర పాతి, చేపలవాళ్ళ దగ్గర వలలు నేర్చుకుని, నేల గీకి గింజలు చల్లి, ఆ నీళ్ళ ఒడ్డునే ఊరు కట్టుకున్నారు. ముందు ఒకరినొకరు చూసి రావడానికి వెళ్ళేవారు. కొన్ని తరాలు గడిచాక ఒకరి మాట ఒకరికి తెలియలేదు. అన్నదమ్ముల బిడ్డలు ఎదురుపడి, నువ్వెవరివని చేతులతో సైగ చేసి అడిగారు. సోగీ పెద్దదై, ఆ పొత్రంతో ఎండుచేపలు నూరింది. ఇవాళ్టికీ ఆ ఊళ్ళో పెళ్ళికూతురు ఒడిలో ఒక పొత్రం పెట్టి పంపుతారట. కింద సన్నికల్లు ఇవ్వరు. ఎందుకని అడిగితే, అది అక్కడ ఉందని ఉత్తరానికి చెయ్యి చూపిస్తారట. అక్కడ ఏముందో వాళ్ళలో చూసినవాడు ఎవడూ లేడు.

ఇంతవరకూ స్వామివారు విన్న కథ. తరవాత తాను చూసింది చెప్పారు. బావికోసం నేల పరీక్షిస్తూ పోతుంటే, చుట్టుపక్కల ఎక్కడా పచ్చటి ఆకన్నది లేనిచోట, ఉప్పు పేరుకున్న ఒక పల్లంలో, ఇసుకలో సగం కూరుకుని ఒక సన్నికల్లు కనపడింది. బోర్లా ఉంది. కింద గుంట ఉందేమో చూద్దామని వంగి చెయ్యి వెయ్యబోయారు. దారి చూపిస్తున్న ఒంటెల ముసలాయన ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడట. గట్టిగా ఏం కాదు, పెద్దవాళ్ళు చిన్నపిల్లల చెయ్యి పట్టుకున్నట్టు.

"ముట్టకు బాబూ. అది ఒకావిడది. ఆమె వస్తుంది."

చెన్నరాయుడు మొలతాడునుంచి తాళంచెవి ఎప్పుడు విప్పుకున్నాడో, అది అతని అరచేతిలో ఉంది. చుట్టూ కూర్చున్న శిష్యులం అందరం అటే చూస్తున్నాం. పాపం, ఆ తల్లి దారిలోనే పోయి ఉంటుంది స్వామీ, చేరి ఉంటే తిప్పకుండా ఉంటుందా అన్నాడు. అని, తన మాట తనకే నమ్మకం లేనట్టు మళ్ళీ తలెత్తి చూశాడు.

"లేకపోతే చేరింది, చేరి కూడా తిప్పడానికి చెయ్యి రాలేదు. ఏది నిజం స్వామీ?"

స్వామివారు గింజలు తీసిన చింతపండును బుట్టలోకి ఎత్తుకుంటూ, అతనివైపు చూడకుండానే అన్నారు.

"రెంటికీ రాయి ఒక్కలాగే పడి ఉంటుంది నాయనా."