అలుగు ఖాళీగా ఉంచిన బొరియ

ఎర్రగట్టు వాలున ఉన్న బొరియలన్నీ అలుగువే. ఒళ్లంతా పెంకులున్న ఆ ప్రాణికి తవ్వడమే పని. అయితే, తవ్విన ప్రతి బొరియలోనూ ముందుగా ఒక వానాకాలం తానే కాపురముండి, ఆ తరువాతనే ఇతరులకు అద్దెకిచ్చేది. అద్దె అంటే కాపలా. కుందేళ్లు, ముళ్లపంది, పునుగుపిల్లి వంతులవారీగా గట్టెక్కి వేటకుక్కల అలికిడి కనిపెట్టేవి.

ఎదుటి రాతినేలలో నక్కకు సొంత బొరియ ఒక్కటే ఉండేది. ఎంత వానకైనా చుక్క కారేది కాదు. అయినా, అలుగు కోసం అందరూ కాపలా కాయడం చూసినప్పుడల్లా నక్కకు తిన్నది ఒంటబట్టేది కాదు.

వాగువైపు ఒక బొరియ మాత్రం ఖాళీగా ఉండేది. అన్నిటికంటే విశాలం, లోపలంతా మెత్తని ఇసుక. రోజూ సాయంత్రం అలుగు దాని వాకిట కాసేపు కూర్చొని, లేచి వెళ్లేది. నక్క దానిని అద్దెకడిగితే, ఆ బొరియ ఇచ్చేది కాదని అలుగు అంది.

"చూశావా, మంచిది తనకే దాచుకుంది. రోజూ వచ్చి చూసుకొని మురిసిపోతోంది," అంది నక్క తన భార్యతో.

"ఖాళీగా ఎందుకుందో అడిగారా?"

"అడిగితే నిజం చెబుతుందా?"

వేసవి చివర, అలుగు మేతకు వెళ్లిన పూట, నక్క పిల్లాపాపలతో అందులో చేరిపోయింది. తన పాత బొరియను ముంగిసకు అద్దెకిచ్చింది. వానలు వెలిసేదాకా ఖాళీ చేయించరాదని ముంగిస షరతు పెట్టింది. 'యజమానిగారూ' అన్న ఆ ఒక్క పిలుపుకే ఉబ్బిపోయి, నక్క ముళ్లపంది ఎదుట మాటిచ్చేసింది.

సాయంత్రం అలుగు వచ్చి వాకిట నిలబడింది. "బొరియ మీద నాకు ఆశ లేదు నాయనా. వాన పడకముందే పిల్లలను తీసుకొని బయటికి వచ్చెయ్."

నక్క నవ్వింది. "ఖాళీ చేయించడానికి ఇదొక ఎత్తా, మామా? నీ కడుపుమంట నాకు తెలియనిదా?"

తొలి పెద్దవానకు నీళ్లు వాకిట నుంచి రాలేదు. పడుకున్న ఇసుకలో నుంచే ఉబికాయి. నక్కలు పిల్లలను నోట కరచుకొని, తడిసి ముద్దై, పాత బొరియకు పరుగెత్తాయి. ముంగిస వాకిటికి అడ్డంగా కూర్చుంది.

"ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్నట్టుంది మీ సంగతి, యజమానిగారూ. మాట మాటే. వానలు వెలిశాక రండి."

చివరకు నక్క అలుగు గుమ్మం ముందు తలవంచుకొని నిలబడింది. అలుగు పక్కకు జరిగి, ముందు పిల్లలను లోపలికి రమ్మంది. అవి వణుకు తగ్గి నిద్రపోయాక మెల్లగా చెప్పింది.

"నేను తవ్విన మొదటి బొరియ అది. ఒక వానాకాలం ఆగి చూడాలని అప్పటికి నాకు తెలియదు. నా బిడ్డ అందులోనే పోయింది. సాయంత్రాలు దాని దగ్గర కూర్చుంటాను."

మరునాటి నుంచి గట్టు మీద కాపలాలో నక్కకూ ఒక వంతు వచ్చింది. అక్కడి నుంచి చూస్తే, ఎదుట తన సొంత వాకిట ముంగిస పొడిగా కునుకు తీస్తూ కనబడేది.

ఈర్ష్య కంటికి పొరుగువాడి ఆస్తి కనబడుతుంది గాని, అందుకతడు చెల్లించిన వెల కనబడదు.