పిల్లి పోసిన పురుడు

ఇదిగో అమ్మాయ్, నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్లన్నీ ఇక్కడే రాలిపోవాలి. ఉన్నవి రెండే అనుకో. అయినా ఒట్టు ఒట్టే. నీ ఫించ్ పిట్ట పిల్లల్ని లేపి డీలా పడిపోయిందని ఏడుపు మొహం వేసుకొచ్చావు కాబట్టి చెబుతున్నాను. లేకపోతే ఇంత నిజాన్ని నేను ఊరికే ఖర్చుపెట్టను.

మా పక్కింటి భద్రావతి పెరటి వసారాలో ఒక పంజరం ఉండేది. అందులో ఆలుమగలు రెండు ఫించ్ పిట్టలు. ఆడదాని పేరు సగ్గు, సగ్గుబియ్యం గింజంత ఉండేది కనక. మొగుడు రంగబాబు. ఎర్రముక్కు, నారింజ బుగ్గలు, ఏడాది పొడుగునా పెళ్లికొడుకు వాలకమే. ఆరు నెలల్లో సగ్గు మూడు విడతలు గుడ్లు పెట్టి పదిహేడు పిల్లల్ని లేపింది. భద్రావతి వాటిని వీధంతా పంచీ పంచీ, ఆఖరికి ఉత్తరం ఇవ్వడానికొచ్చిన పోస్ట్‌మాన్‌కి కూడా ఒకటి అంటగట్టింది. చివరి పిల్ల వెళ్లిన రోజే సగ్గు పంజరం అడుగున కూలబడింది. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, రొమ్ము ఎముక కత్తిలా పొడుచుకొచ్చి, ఎవరైనా తుమ్మితే ఎగిరిపోయేలా ఉంది. నేను మూడు రోజులు తుమ్ము ఆపుకున్నాను.

పంజరంలో పైమెట్టు మీంచి రంగబాబు పిలిచాడు. "ఏమేవ్, గూటికి కొత్త కొబ్బరిపీచు వేశాను, చూశావా? నాలుగో విడత మొదలెడదామా?"

"లేవలేకపోతున్నానండీ."

"నేను మాత్రం? పొద్దుట్నుంచి పాడీ పాడీ నా గొంతు పోయింది. ఎవరైనా అడిగారా?"

సరిగ్గా అప్పుడే దిగింది పాపాయమ్మ. పాపాయమ్మంటే పిల్లి. మూడు వీధుల్లో అది మూతి పెట్టని పాలగిన్నె లేదు. పంజరం పక్కన చతికిలబడి నిట్టూర్చింది.

"అయ్యయ్యో, బాలింతను ఇలా పడేశారేం నాయనా! నేను మంత్రసానిని. నా చేతుల మీదుగా ఎన్ని పురుళ్లు జరిగాయో నాకే గుర్తులేదు."

"మా ఆవిడకేమైందండీ?" అన్నాడు రంగబాబు.

"పురిటిగాలి సోకింది. దీనికి మందొకటే. మా వాళ్లు పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతారు, వినలేదూ? అందుకే మేమిలా నిగనిగలాడుతున్నాం. మీ ఆవిణ్నీ ఏడిళ్లు తిప్పాలి. పళ్లు తగలకుండా, దూదిలా, నేనే నోట కరుచుకుని తీసుకెళ్తాను."

"ఏడో ఇంటినుంచి ఎప్పుడు తిరిగొస్తుంది?"

"ముందు మొదటిల్లు చేరనీ నాయనా," అని పిల్లి మూతి నాక్కుంది.

పంజరం తలుపు వదులు. భద్రావతి దాన్ని నూలుదారంతో కట్టేది. ముడి లోపలివైపు, తలుపు చట్రం వెనక ఉంది, పిల్లి గోటికి అందదు. "ఆహా, ఆ దారం చూడు అల్లుడూ! నీ గూట్లో వేస్తే మహారాజు పరుపే," అంది పాపాయమ్మ. రంగబాబుకి దారం కనబడితే చాలు, పెళ్లాం ఉందో ఊడిందో గుర్తుండదు. గబగబా వెళ్లి ముడి లాగడం మొదలెట్టాడు.

పెరట్లో చెత్త కెలుకుతున్న కోడి గవరమ్మ ఇదంతా చూసింది. పన్నెండుసార్లు పొదిగిన మనిషి. పిల్లితో పోట్లాటకు దిగితే ఈకలు తప్ప మిగలవని తెలుసు. మెడ సాచి, నెమ్మదిగా వచ్చింది.

"ఏం పాపాయమ్మొదినా, మంత్రసానివటగా! మరి పదకొండోనాటి పురిటి స్నానం కాకుండానే బాలింతను గడప దాటిస్తావా? మైల కాదూ?"

మైలంటే పిల్లికేం తెలుసు? తెలియదంటే పరువేం కాను? "ఆఁ, అదే చెప్పబోతున్నా."

"పురిటి పక్క, అదే ఆ గూడు, తీసి పారెయ్యలేదేం? అది మంత్రసాని పనే కదా."

"అదీ చెప్పబోతున్నా."

గవరమ్మ రంగబాబు వైపు తిరిగింది. "అల్లుడుగారూ, తమరా దారం వదిలి పైమెట్టు ఎక్కండి. పుట్టింటికి పంపుదామంటే పిల్ల పుట్టింది పిట్టల కొట్లో. కాబట్టి పంజరం అడుగే దాని పుట్టిల్లు. పుట్టింట్లో బాలింత పక్కన తిష్ఠ వేసుక్కూచునే అల్లుణ్ని ఎక్కడైనా చూశామా?"

'గారూ', 'తమరూ' వినేసరికి రంగబాబు ఉబ్బిపోయి దారం వదిలేశాడు.

గూడు పైన ఈ మూల, సగ్గు అడుగున ఆ మూల. గవరమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తుంటే పిల్లి చువ్వల్లోంచి చెయ్యి దూర్చి, తుమ్ముతూ, దగ్గుతూ, గూడంతా పోగు పోగుగా పీకింది.

"నా గూడో!" అని రంగబాబు ఏడుపు.

"గూడుంటే నీకు పాట, దానికి గుడ్డు. నోర్మూసుకో," అని గవరమ్మ పిల్లి వైపు తిరిగింది. "ఇక పథ్యం. రోజుకో ఉడికిన గుడ్డు, పెంకుతో సహా. గుడ్డు పెంకుల కింద పోయిన బలం పెంకు తింటేనే తిరిగొస్తుంది. భద్రావతి పొద్దున్నే ఒకటి ఉడకేసి చల్లారబెడుతుంది, పట్రా."

"నేనా? అయినా నీ కడుపున పుట్టిన గుడ్డేగా! నీ నోటితో నువ్వే..."

"పుంజు పోయాక పెట్టిన ఉత్త గుడ్డు వదినా. దానికీ బెంగ లేదు, నాకూ లేదు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి. చేతకాదంటావా, చెప్పు. పాపాయమ్మ ఉత్తదేనని వీధంతా నేనే చాటిస్తాను."

పిల్లి ఆలోచించింది. తిని బలిస్తే బలవనీ, చివరికి నాకేగా అనుకుంది.

పది రోజులు, అమ్మాయ్! నోట్లో గుడ్డు పెట్టుకుని మింగకుండా నడిచిన పిల్లిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే చూశాను. గవరమ్మ గుడ్డునీ పెంకునీ సన్నటి నూక చేసి చువ్వల కిందనుంచి తోసేది. పైన ఇంత తోటకూర ఆకు. గాలి తగలకూడదని పంజరం మీదికి గోనెపట్టా కూడా పిల్లి చేతే లాగించింది. బాలింత బలిసింది, మంత్రసాని చిక్కిపోయింది. ఇక భద్రావతి, గుడ్లు పోతున్నాయని నా మీద అనుమానపడింది! రెండు పళ్లతో గుడ్ల దొంగతనమేమిటే అని నేనూ నాలుగు దులిపాను.

పదకొండో రోజు పిల్లి గుడ్డు తెచ్చి కాళ్ల మధ్య పెట్టుకుంది. సగ్గు మెట్టెక్కి ముక్కు రుద్దుకుంటోంది.

"ఇవాళ ఏడిళ్లు. తలుపు తియ్యమను," అంది పిల్లి.

"పురిటి స్నానమో?"

"దానికి నీళ్లు నువ్వే పొయ్యి."

"దానిక్కాదొదినా. బాలింతను ముట్టే మంత్రసానికి ముందు."

నీళ్ల మాట వినగానే పిల్లికి వేషం ఊడింది. "స్నానమూ లేదు గీనమూ లేదు! అల్లుడూ, లాగరా దారం!"

రంగబాబు దారం అందుకున్నాడు. సగ్గు ఒక్క ఊపున ఎగిరొచ్చి నెత్తిన పొడిచింది. "వదలండది! తిప్పాలనుంటే మిమ్మల్ని తిప్పమనండి ఏడిళ్లూ!"

గవరమ్మ గొంతెత్తి, గుడ్డు పెట్టినట్టు ఊరు దద్దరిల్లేలా కూసింది. కొత్త గుడ్డనుకుని భద్రావతి చేతిలో ఉన్న కుడితి బకెట్టుతోనే పరుగెత్తుకొచ్చింది. వచ్చి చూస్తే పిల్లి, పిల్లి కాళ్ల మధ్య గుడ్డు. బకెట్టు బకెట్టంతా కుమ్మరించింది. ఆ కుడితికి ఊరికాలవ జానెడు పెరిగిందంటే నమ్ము.

"పురిటి స్నానం అయింది," అంది గవరమ్మ. "మైలా పోయింది, మంత్రసానీ పోయింది."

అందుకే అంటాను: తెలియదంటే ఒక్కపూట నవ్వుతారు, తెలిసినట్టు నటిస్తే పదకొండు రోజులు చాకిరీ చేయించుకుని మరీ నవ్వుతారు.

నోరు తెరుచుకుని ఏం కూచున్నావు? లే. వెళ్లి నీ పంజరంలో గూడు తీసెయ్. మొగుణ్ని వేరే పంజరంలో పెట్టు, పాడుకుంటే పాడుకోనీ. ఒక గుడ్డు ఉడకేసి పెంకు మెత్తగా నూరి పెట్టు. వచ్చేటప్పుడు కొట్లో నాకు వక్కపొడి పట్రా, మెత్తటిది. ఒట్టు పెట్టాను కదా, ఆ రెండు పళ్లూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, కావాలంటే చూడు.