రేవు సంతలో రాజుగారి బెల్లం

ఎప్పటి మాటో చెప్పలేం గానీ, వేత్రపురి అనే రాజ్యం ఒకటి ఉండేది. చెరుకు తోటలు ఎక్కువ. వానలు వేళకు పడేవి. దాన్ని ఏలే మకరధ్వజ మహారాజు చెడ్డవాడు కాదు. ఊరికే యుద్ధాలకు వెళ్లేవాడు కాదు, పన్నులు పెంచేవాడు కాదు. తనకు రాని విద్య లేదని మాత్రం గట్టిగా నమ్మేవాడు. మంత్రి సర్వోత్తముడు, జ్యోతిష్కుడు మార్కండేయశర్మ సింహాసనానికి చెరో వైపు నిలబడి ఆ నమ్మకాన్ని రోజూ బలపరిచేవారు.

ఆ రాజ్యపు బెల్లం రేవు నుంచి పడవలెక్కి దూర దేశాలకు వెళ్లేది. ఒక ఏడు మహారాజు రేవుకు విహారానికి వెళ్లి, వర్తకుల మేడలు చూసి ఆలోచనలో పడ్డాడు. తిరిగి రాగానే సభ పిలిచాడు.

"వ్యాపారమంటే ఏముంది? సరుకు ఉండాలి, సంత ఉండాలి. ఇకమీదట బెల్లం వ్యాపారం మేమే చేస్తాం. రాజ్యంలోని గానుగలన్నీ కోట స్వాధీనంలోకి రావాలి" అన్నాడు.

"చిత్తం" అన్నాడు మంత్రి.

"గ్రహాలు కూడా అదే అంటున్నాయి" అన్నాడు జ్యోతిష్కుడు.

గానుగలు కోటకు పోయాయి. చెరుకు రైతులకు నరకడం, మోయడం మాత్రం మిగిలాయి. వాళ్లు కోట గుమ్మం దాకా వచ్చారు గానీ లోపలికి రానివ్వలేదు. అందుకని భోగలింగం ఇంటికి వెళ్లారు.

భోగలింగం ఆస్థానంలో మాటకారి. రాజుకు విసుగు పుట్టినప్పుడు నవ్వించడం అతని ఉద్యోగం. మర్నాడు రాజు సభలో ఉత్సాహంగా, "వ్యాపారానికి అన్నిటికన్నా ముందు కావలసింది ఏమిటి?" అని అడిగాడు.

"తమ తేజస్సు" అన్నాడు మంత్రి.

"తమ జాతకం" అన్నాడు జ్యోతిష్కుడు.

"తోడు ప్రభూ" అన్నాడు భోగలింగం. "మనకు తెలియనిది చెప్పేవాడు ఒకడు, మనకు నచ్చనిది చెప్పేవాడు ఒకడు. ఇద్దరూ పక్కన లేకపోతే వ్యాపారం సాగదు."

"మాకు తెలియనిదా?" రాజు కనుబొమలు పైకి లేచాయి. "తోడంటావా, మాకు వీరిద్దరూ ఉన్నారు. ఏనాడూ మా మాటకు అడ్డు రాలేదు. ఇంతకన్నా మంచి భాగస్వాములు ఎవరికుంటారు?"

"అడ్డు రాకపోవడమే నా భయం ప్రభూ."

రాజు ముందుకు వంగాడు. "అయితే నువ్వూ బెల్లం చెయ్యి. నీకొక గానుగ ఇస్తాం. తోడు నువ్వే వెతుక్కో. రేవు సంత రోజున పొద్దు గూకేలోగా ఎవరి సరుకు అమ్ముడుపోతే వారిదే గెలుపు. ఓడితే నువ్వు ఈ రాజ్యం వదిలి వెళ్లాలి."

"గెలిస్తే గానుగలు రైతులకు తిరిగి ఇచ్చేయాలి."

"ఇచ్చేస్తాం. మరింకేమన్నా ఉందా?"

"ఒక్కటే ప్రభూ. అమ్మకం రేవు సంత ఆచారం ప్రకారమే జరగాలి."

"ఆచారాన్ని మేమెప్పుడు కాదన్నాం?" అంటూ రాజు లేచిపోయాడు. ఆ ఆచారం ఏమిటో ఆయన అడగలేదు. మంత్రికి తెలుసు గానీ, అడగనిది చెప్పడం అతనికి అలవాటు లేదు.

భోగలింగం ఎవరిని తోడు తెచ్చుకుంటాడా అని నగరమంతా ఎదురుచూసింది. పేరున్న వర్తకుడినో, పాకం తెలిసిన వంటవాడినో తెస్తాడనుకున్నారు. అతను తెచ్చింది వరహాలశెట్టిని, కన్నమ్మను.

వరహాలశెట్టి ఒకప్పుడు పెద్ద బెల్లం వర్తకుడు. పడవ నిండా వేసిన సరుకు వానకు కరిగి నీరైపోయాక దుకాణం మూసుకుని ఇంట్లో కూర్చున్నాడు. కన్నమ్మ మిఠాయిలు చేసి అమ్మే ముసలమ్మ. వీధిలో ఆమె మెచ్చుకున్న మనిషి గానీ వస్తువు గానీ లేదు. భోగలింగం చతురోక్తులకు మహారాజు పొట్ట పట్టుకుని నవ్వేవాడు గానీ, ఆమె మాత్రం ఒక్కసారీ నవ్వలేదు.

రాజుకు ఈ ఎంపిక వింతగా తోచింది. ఆరాటం ఆపుకోలేక గానుగ దగ్గరకు వేగువాణ్ణి పంపాడు. "ఏం చేస్తున్నారు?"

"పోట్లాడుకుంటున్నారు ప్రభూ."

"దేనికి?"

"భోగలింగం గారు మొదటి పాకం దించి ముసలమ్మకు రుచి చూపించారు. ఆవిడ ఉమ్మేసింది. 'ఏమయ్యా, సభలో మాటలు కాచినట్టు కాచావా దీన్ని? అడుగంటింది' అంది."

రాజు, మంత్రి, జ్యోతిష్కుడు చాలాసేపు నవ్వుకున్నారు. మళ్లీ కొన్నాళ్లకు వేగువాడు వచ్చాడు.

"ఇప్పుడూ పోట్లాటేనా?"

"అవును ప్రభూ. ఈసారి అచ్చుల గురించి. భోగలింగం గారు బెల్లాన్ని చిలక ఆకారంలో పోద్దామన్నారు. 'చిలకలా! జనం తినడానికా, పిల్లలు ఆడుకోడానికా?' అని ముసలమ్మ అరిచింది. 'చిలకకు తోక ఉంటుంది బాబూ, పడవలో ముందు విరిగేది అదే. గుప్పిట్లో పట్టే ఉండలు చాలు, తాటాకులో చుడదాం' అని శెట్టి గారన్నారు. భోగలింగం గారు కాసేపు అలిగి, తర్వాత సరేనన్నారు."

రాజు నవ్వలేదు. ఆయనకో ఆలోచన వచ్చింది. "అచ్చు పోయడం మంచి ఊహే. వాడికి నిలబెట్టుకోవడం చేతకాలేదు. కానీ చిలక ఎందుకు? వేత్రపురి బెల్లానికి వేత్రపురి ప్రభువు రూపమే ఉండాలి."

"అమోఘం!" అన్నాడు మంత్రి.

"ఆ మాటే నా నోట్లో ఉంది" అన్నాడు జ్యోతిష్కుడు.

వడ్రంగులు టేకు అచ్చులు చెక్కారు. కిరీటం, మీసం, చెవిపోగులతో సహా మహారాజు తల. ఒక్కో బెల్లం దిమ్మ నిజం తలంత ఉంది. మొదటి రెండు దిమ్మలూ మంత్రికి, జ్యోతిష్కుడికి వెళ్లాయి. మంత్రిగారింట్లో దాన్ని దేవుడి గూట్లో పెట్టి బొట్టు పెట్టారు. జ్యోతిష్కుడి ఇంట్లో పట్టు గుడ్డ కప్పి దాచారు. రెండిళ్లలోనూ ఎవరూ తినలేదు.

"బెల్లం ఎలా ఉంది?" అని రాజు అడిగితే, "చూడటానికే రెండు కళ్లూ చాలడం లేదు ప్రభూ" అన్నారు ఇద్దరూ. ఆ మాట నిజమే.

సంత రోజు వచ్చింది.

రేవు సంతకు ఒక పాత ఆచారం ఉంది. అక్కడ సరుకు కొనేది పడవల వాళ్లు. ఇవాళ కొని వెళ్తే మళ్లీ ఏడాదికి గానీ రారు. మోసపోయామని తెలిసినా, వెనక్కి వచ్చి అడిగే వీలుండదు. అందుకని, దుకాణం తెరిచే ముందు ఆ సరుకులో ఉన్న లోపం ఒకటి అందరి ముందూ చెప్పాలి. యజమాని చెబితే చెల్లదు, తన తప్పును చిన్నది చేసి చెప్పడం ఎవరికైనా వచ్చు కాబట్టి. అతని భాగస్వామే చెప్పాలి. అది నిజమైన లోపమేనని సంత పెద్ద ఒప్పుకుంటే, దుకాణానికి వేపరెమ్మ కడతాడు. రెమ్మ లేని దుకాణంలో ఎవరూ కొనరు.

సంత పెద్ద గవరయ్య ముందు భోగలింగం దుకాణం దగ్గర ఆగాడు. "తప్పు చెప్పేదెవరు?"

కన్నమ్మ ముందుకొచ్చింది. "రంగు లేదయ్యా. నల్లగా ఉంది. వియ్యంకుడు ఇంటికొస్తే ఎదురుగా పెట్టలేం. కానీ తింటేనా..."

"తినే సంగతి మేం చూసుకుంటాం. తప్పు చెప్పావు, చాలు." గవరయ్య నవ్వి రెమ్మ కట్టాడు.

పడవల వాళ్లు ఉండలు చితిపి చూశారు, నోట్లో వేసుకున్నారు, తాటాకు చుట్టు విప్పి తేమ ఉందేమో తడిమారు. సముద్రం మీద వియ్యంకులు ఎదురుపడరు. మధ్యాహ్నం కాకముందే వరహాలశెట్టి ఖాళీ బుట్టలు ఒకదానిలో ఒకటి పేర్చుతున్నాడు.

తర్వాత గవరయ్య రాజుగారి పందిరి దగ్గరకు వచ్చాడు. పట్టు పరదాలు. వరుసల మీద వరుసలుగా మహారాజు తలలు. మధ్యలో సింహాసనం మీద అసలు తల.

"తప్పు చెప్పేదెవరు?"

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "మాధుర్యం మరీ ఎక్కువ. ఇది తిన్నవారికి ఇంకే తీపీ రుచించదు."

"అది పొగడ్త బాబూ."

జ్యోతిష్కుడు ముందుకొచ్చాడు. "కాంతి విపరీతం. సామాన్యుల కళ్లు చెదురుతాయి."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. గవరయ్య తల అడ్డంగా ఊపాడు.

"మేమే చెబుతాం" అన్నాడు రాజు.

"యజమాని చెబితే చెల్లదు మహారాజా."

"అయితే సర్వోత్తమా, చెప్పు! ఇది మా ఆజ్ఞ!"

"ఆజ్ఞ శిరసావహిస్తాను ప్రభూ" అన్నాడు మంత్రి. "కానీ లోపం కనబడితే కదా!"

ఆ సమయానికి సముద్రపు గాలికి ముందు వరుసలోని మహారాజుల ముక్కులు మెత్తబడుతున్నాయి. ఒక మీసం వెంట చీమలు బారు తీరాయి. మంత్రి వింజామరలు తెప్పించి తలలకు విసిరించసాగాడు. అప్పుడే పడవ వర్తకుడొకడు, సంతకు కొత్తవాడు, నమూనా చూద్దామని ఒక దిమ్మ ముందు గుండ్రాయి ఎత్తాడు.

"రాజద్రోహం!" అంటూ భటులు కత్తులు దూశారు.

వర్తకుడు రాయి అక్కడే పడేసి పడవ వైపు పరుగెత్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు.

పొద్దు వాలుతోంది. మంత్రి రాజు చెవి దగ్గర వంగాడు. "ప్రభూ, పందెంలో మనం ఓడలేదు. మన దుకాణం ఇంకా తెరవనే లేదు. తెరవని దుకాణానికి పోటీ ఏమిటి? పందెం రద్దయినట్టే. గానుగలు మనవే."

రాజు ఆ మాటను తోసిపుచ్చలేదు. జనం వెనక నిలబడిన చెరుకు రైతుల ముఖాలు పాలిపోయాయి.

భోగలింగం చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

రాజు అతన్నే చూస్తూ, "నీకేమైనా లోపం కనిపిస్తోందా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా ఆరాటం ఎక్కువగా ఉంది. ఉదయం నుంచీ ఆయనకు అర్థం కాని విషయం అదే.

"కనిపిస్తోంది ప్రభూ. కానీ నేను తమ భాగస్వామిని కాను. చెబితే చెల్లదు."

"ఇప్పటి నుంచి భాగస్వామివే. నీ వాటా ఎంతో అడుగు."

"చెప్పాక నన్ను శిక్షించకూడదు. అదే నా వాటా."

రాజు తల ఊపాడు. భోగలింగం గవరయ్య వైపు తిరిగి సంతంతా వినబడేలా అన్నాడు.

"అయ్యా, మా బెల్లంలో తప్పు ఇది. తినాలంటే ముందు పగలగొట్టాలి. పగలగొట్టాలంటే మహారాజు నెత్తిన రాయి పెట్టి కొట్టాలి. ఈ రాజ్యంలో అంత ధైర్యం ఎవరికుంది? ఒకవేళ ఎవరైనా ధైర్యం చేసినా, ప్రభువు చెవి కొరుక్కు తింటూ ఇంటికి వెళ్లగలరా? అందుకే ఈ బెల్లం మంత్రిగారింట్లో ఉంది, జ్యోతిష్కుడి ఇంట్లో ఉంది, ఎవరి నోట్లోనూ లేదు."

భటుల చేతులు కత్తుల మీదే ఉన్నాయి. గవరయ్య రెమ్మ పట్టుకుని, కట్టాలో వద్దో తెలియక నిలబడ్డాడు.

మహారాజు సింహాసనం దిగి ముందు వరుస దగ్గరకు వెళ్లాడు. మెత్తబడిన తన ముక్కును, చీమలు పట్టిన తన మీసాన్ని చాలాసేపు చూశాడు. కింద పడి ఉన్న గుండ్రాయి అందుకున్నాడు. రెండు చేతులా ఎత్తి, తన కిరీటం మధ్యన ఒక్కటి వేశాడు.

తల నాలుగు చెక్కలైంది.

"ఆహా!" అని మంత్రి చప్పట్లు కొట్టాడు. "ఎంత అందంగా పగిలింది ప్రభూ, తమ తల!"

రాజు అతని వైపు తిరిగి చూశాడు. ముందు పెదవులు అదిరాయి. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఆయన నవ్వు ఆగలేదు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు, పందిరి గుంజ పట్టుకుని నవ్వాడు. సంత మొత్తం ఆయనతో కలిసి నవ్వింది.

"కట్టు గవరయ్యా రెమ్మ!" అన్నాడు ఊపిరి తిప్పుకుని. "భోగలింగం, పందెం నువ్వే గెలిచావు. దుకాణం తెరవలేకపోవడం కన్నా పెద్ద ఓటమి ఏముంటుంది? గానుగలు రేపే రైతులవి. ఇదిగో, ఈ కంకణం నీది." కంకణం తీసి అతని చేతికి తొడిగాడు. "ఒక్క సంగతి చెప్పు. పేరున్న వాళ్లను వదిలేసి, ఆ మునిగిపోయిన శెట్టినీ, ఆ కోపిష్ఠి ముసలమ్మనూ ఎలా ఎంచుకున్నావు?"

"బెల్లం ఎక్కడెక్కడ కరుగుతుందో శెట్టికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు ప్రభూ. ఇక కన్నమ్మంటారా, నా మాటలకు తమరు కూడా నవ్వుతారు, ఆవిడ నవ్వదు. నేను బాగా చేశానో లేదో తెలుసుకోవాలంటే ఇంకెవరిని అడగను?"

రాజు తన చెవి ముక్క ఒకటి తీసి స్వయంగా కన్నమ్మకు అందించాడు. "నువ్వు చెప్పమ్మా. ఎలా ఉంది?"

కన్నమ్మ నోట్లో వేసుకుని నిదానంగా చప్పరించింది. "పాకం ముదిరింది మహారాజా. రంగు కోసం వేసిన సున్నం కూడా ఎక్కువైంది. వచ్చే ఏడు చెయ్యాలనుకుంటే సింహాసనం మీద కూర్చోకండి, పొయ్యి దగ్గర నిలబడండి. నేను పక్కనుంటాను."

"నిలబడతాం" అన్నాడు రాజు. తర్వాత మెల్లగా మంత్రి వైపు తిరిగాడు. "సర్వోత్తమా, పాకం ముదిరిందా?"

"ముదిరింది ప్రభూ! ఆ సంగతి నేను మొదటి రోజే గమనించాను."

మహారాజు మళ్లీ పందిరి గుంజ పట్టుకున్నాడు. ఈసారి కన్నమ్మ కూడా నవ్వింది.