మెంతుల సుర

మణిగిరి అనే ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలుతుండేవాడు. ఆయనకు సుర తయారుచేయడమంటే వల్లమాలిన పిచ్చి. మొలకెత్తిన రాగులు పులియబెట్టి, అందులో ఒకనాడు ఇంగువ, మరొకనాడు వేపపువ్వు కలిపి, లోకంలో లేని రుచి కనిపెట్టానని మురిసిపోయేవాడు. దాన్ని సభలో అందరికీ పోయించి, "ఎలా ఉంది?" అంటూ మీసం దువ్వేవాడు.

ఒకరోజు మెంతులు దట్టించిన సుర పోయించాడు. మాటకారిగా పేరుపడ్డ సభికుడు కూచనకు ఒక్క గుక్కకే నోరంతా చేదెక్కింది. అయినా రాజు తనవైపే చూస్తున్నాడని, "ప్రభూ, ఇది తాగాక ఇంకో సుర ఎందుకు?" అన్నాడు. సభంతా చప్పట్లు!

రాజు ఆ మాటే పట్టుకున్నాడు. రాజ్యంలో తన సుర తప్ప మరొకటి ఉండకూడదని శాసించాడు. భటులు సుర చేసేవాళ్ల వాడకు వెళ్లి బానలన్నీ పగలగొట్టారు.

మర్నాడు ఆ వాడ నుంచి సుర చేసే బయ్యమ్మ అనే ఆమె వచ్చి కూచన గుమ్మం ముందు నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు.

"బాబూ, రాజుగారి సుర నిజంగా అంత బాగుందా?" అని మాత్రం అడిగింది.

ఆమె వెళ్లిపోయాక కూచనకు అన్నం సహించలేదు.

ఆ మర్నాడు సభకు ఒక చిన్న కుండ పట్టుకెళ్లాడు.

"ప్రభూ, ఇది మన రాజ్యంలోనే ఒకరు చేసిన సుర. జనం తాగొచ్చో లేదో తమరే తేల్చాలి."

రాజు ఒక గుక్క పుచ్చుకుని తుపుక్కున ఉమ్మేశాడు. "ఛీ! ఏ దౌర్భాగ్యుడు చేశాడిది? కుండంతా వాడిచేతే తాగించండి!"

"తమరే చేశారు ప్రభూ. మొన్నటి మెంతుల సుర."

రాజు ముఖం కందగడ్డయింది.

"కానీ శిక్ష తమరికి కాదు," అన్నాడు కూచన. "బాగుందని అబద్ధమాడింది నేను. నా మాటవల్లే నలుగురి పొయ్యిలు ఆరిపోయాయి." అంటూ కుండ ఎత్తి, కళ్లు మూసుకుని గటగటా తాగసాగాడు.

రాజు సిగ్గుతో తల వంచుకున్నాడు. కూచన ముఖం వంకర్లు పోవడం చూసి ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. సింహాసనం దిగివచ్చి, "ఆగవయ్యా! సగం నాది," అని కుండ లాక్కున్నాడు.

ఆ పూటే శాసనం రద్దయింది. వాడలో ప్రతి ఇంటికీ కొత్త బానలు వెళ్లాయి. కూచనకు రాజు తన మెడలోని ముత్యాలహారం వేశాడు.

సాయంత్రం కూచన హారం తీసేసి బయ్యమ్మ ఇంటికి వెళ్లాడు.

"బానలు బాగున్నాయి బాబూ," అందామె. "పగిలింది మా అత్తగారి నాటిది. దాని పులుపు వీటికి రావాలంటే మరో తరం పడుతుంది."

కూచన వంగి, ఆమె కడుగుతున్న బానలో నీళ్లు పోశాడు.